వాకిట్లో ముసలి పొదలు



ఇవాళ మనం ఇంటిముందు పొదల గురించి మాట్లాడుకుందాం. పూలమొక్కలు ఎలా నాటాలో, ఎలా పెంచాలో చెప్పేవాళ్ళు చాలామందే వున్నారు. పదిహేను ఇరవై యేళ్ళు పెరిగి, కింద బోడి కట్టెలూ పైన నాలుగాకులూ మిగిలిన పొదను ఎలా తియ్యాలో చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ. నాటడానికి ఒక్క మనిషీ ఒక చెంబెడు నీళ్ళూ చాలు. తియ్యడానికి మాత్రం అటు నాలుగిళ్ళూ ఇటు నాలుగిళ్ళూ కలిసి రావాలి. బరువు పని అవడం ఒక్కటే అందుకు కారణం కాదు. ఇంకో సంగతి వుంది, చెబుతాను.

మేముండేది పోచారంలో. ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుని పీర్జాదిగూడ, మేడిపల్లి, నారపల్లి దాటి వస్తే, ఘట్‌కేసర్ ఇంకా రాకముందే తగిలే ఊరు. ఒకప్పుడంతా చేలు. ఇప్పుడు ఇన్ఫోసిస్ వాళ్ళ పెద్ద ఆవరణా, దాని చుట్టూ కాలనీలూ. నూటయాభై, రెండువందల గజాల ప్లాట్లు. ఇల్లు కట్టుకోగా ముందు మిగిలేది ఎనిమిదో పదో అడుగుల జాగా. అందులోనే తులసికోట, సంపు, బోరు, రెండు బండ్లు. ఇవన్నీ పోగా గోడవారగా మిగిలిన రెండడుగుల్లో, గృహప్రవేశమైన కొత్తలో, మురిపెం కొద్దీ ఒక మందారం, ఒక నందివర్ధనం, ఓ గన్నేరు, గేటు పక్కన కాగితపు పూలు, ముందువైపు డురంటా కంచె. నర్సరీ అతను చిన్న సంచిలో ఇచ్చినప్పుడు అవన్నీ జానెడు మొక్కలే. జానెడు మొక్క బారెడవుతుందని అప్పుడెవరికి గుర్తుంటుంది?

మా వైపు నేల సంగతి మీకు తెలిసిందే. పైన ఎర్రమట్టి, దానికింద మొరం, ఆ కింద గ్రానైటు రాయి. హైదరాబాదు చుట్టుపక్కల చాలా చోట్ల ఇంతే. వేరు లోతుకు పోదామంటే రాయి అడ్డం. అందుకని పక్కలకు పాకుతుంది. ఎండాకాలంలో నీళ్ళెక్కడున్నాయా అని వెతుక్కుంటూ పోతుంది. సంపు గోడలో సన్నని పగులో, డ్రైనేజి పైపు అతుకు దగ్గర చెమ్మో దొరికితే అక్కడ చేరి జడలాగా అల్లుకుంటుంది. సంపుకూ డ్రైనేజికీ నాది, నీది అని వేరుకు తెలియదు కదా. మీ ప్రహరీగోడకు పునాది అడుగున్నరో రెండడుగులో వుంటుంది. దానికింద నుంచి అవతలి ఇంట్లోకి పోవడం దానికి పెద్ద పనేం కాదు.

మా వరసలో జరిగింది అదే. ఒకరింట్లో సంపు కడిగించబోతే లోపల గోడకు వేళ్ళు వేలాడుతూ కనిపించాయి. ఆ ఇంట్లో చూస్తే చెట్టూ లేదు, చేమా లేదు. నాపరాళ్ళు పరిచిన వాకిలి. ఆ వేళ్ళు పక్కింటి గోడవార వున్న పొదవి. ఇలాంటప్పుడే మాటామాటా పెరుగుతుంది. "మీ చెట్టు మా సంపు పాడుచేసింది" అని ఒకరూ, "మీ సంపుకే పగులుంది, మా చెట్టేం చేస్తుంది" అని ఇంకొకరూ. నన్నడిగితే ఇద్దరి మాటా నిజమే. గట్టి గోడను మందారం వేరు పగలగొట్టదు. పగులున్నచోట దూరి దాన్ని పెద్దది చేస్తుంది. కాబట్టి పొద తియ్యాలి, సంపూ బాగుచేసుకోవాలి. రెండూ ఒకేసారి పెట్టుకుంటే ఖర్చూ తగ్గుతుంది, మనస్పర్థా తగ్గుతుంది. ఇందాక చెబుతానన్న సంగతి ఇదే. పొద మీ వాకిట్లో వున్నా దాని వేళ్ళు నాలుగిళ్ళ కింద వుంటాయి. ఇరుగుపొరుగును పిలవాల్సింది గడ్డపార పట్టడానికి మాత్రమే కాదు, ముందు కూర్చుని మాట్లాడుకోవడానికి.

అయితే మాట్లాడబోయే ముందు మీ పొదను మీరు ఒకసారి సరిగ్గా చూసుకోండి. పాతదైన ప్రతిదాన్నీ పీకెయ్యనక్కరలేదు. మందారం, నందివర్ధనం, గోరింట, కాగితపు పూలు, ఇవన్నీ గట్టి ప్రాణాలు. మోకాలెత్తుకు నరికి, మొదట్లో గంపెడు పశువులెరువు వేస్తే వానాకాలంలో కొత్త చిగుళ్ళతో మళ్ళీ లేస్తాయి. ఒక్కసారే నరకడానికి చెయ్యాడకపోతే ఈ యేడు మూడోవంతు, వచ్చే యేడు మూడోవంతు కొట్టుకుంటూ రండి. చోటు బాగానే వుండి రూపు మాత్రమే చెడినదాన్ని ఇలా దారికి తెచ్చుకోవచ్చు. చోటే తప్పయినప్పుడు, అంటే సంపుకు ఆనుకుని, మీటరు కింద, డ్రైనేజి ఛాంబరు మీద వుంటే, ఎంత కొట్టినా లాభం లేదు. తియ్యాల్సిందే.

మొహమాటం లేకుండా తియ్యాల్సినవి కొన్ని వున్నాయి. కంచెకని వేసిన కోనోకార్పస్ ఒకటి. వెంచర్లవాళ్ళు దీన్ని తెగ నాటారు. నీళ్ళు పోసినా పొయ్యకపోయినా పచ్చగా పెరుగుతుందని దానిమీద మోజు. వేళ్ళు పైపుల్లోకీ కాలువల్లోకీ దూరుతున్నాయనీ, పుప్పొడి కొందరికి పడటం లేదనీ గుజరాత్ ప్రభుత్వం 2023లో దీన్ని నాటకూడదని నిషేధించింది. మన దగ్గర కూడా దీని మీద ఫిర్యాదులు తక్కువేం కాదు. రెండోది తలంబ్రాల మొక్క, పులికంప అని కూడా అంటారు. పసుపూ ఎరుపూ గులాబీ రంగుల చిన్న చిన్న పూలగుత్తులు చూడముచ్చటగానే వుంటాయి. ఇది 19వ శతాబ్దం మొదట్లో అలంకారపు మొక్కగా కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు వచ్చింది. అక్కడి నుంచి దేశంలో చాలా అడవుల్ని ఆక్రమించింది. దీని ఆకు మేసిన పశువులకు కాలేయం చెడి, ఎండ పొడ తగిలితే చర్మం పుండ్లు పడుతుంది.

ఇక గన్నేరు. శివపూజకు పెట్టే పువ్వు కదా అని చాలామంది వుంచుకుంటారు. వుంచుకోండి, కానీ చంటిపిల్లలున్న ఇంట్లో మాత్రం ఆలోచించండి. గన్నేరులో ఆకు, పువ్వు, కాయ, బెరడు అన్నిటా గుండెను దెబ్బతీసే విషం వుంది. పచ్చగన్నేరు గింజలు మరీ ప్రమాదం. 2024 మే నెలలో కేరళలో తిరువాన్కూరు దేవస్వం బోర్డు తమ ఆలయాల్లో నైవేద్యానికీ ప్రసాదానికీ గన్నేరు పూలు వాడకూడదని ఆదేశించింది. గన్నేరు నమలడం వల్లనే ఒక అమ్మాయి ప్రాణం పోయిందన్న వార్త వచ్చాక తీసుకున్న నిర్ణయం అది. డురంటాకు కాసే పసుపుపచ్చని చిన్న కాయలు కూడా పిల్లలు నోట్లో పెట్టుకోదగినవి కావు. ముత్యాల్లా వుంటాయి కాబట్టి వాటి మీదికే చెయ్యి పోతుంది వాళ్ళకి.

సరే, ఫలానా పొద తియ్యాలని మీరు నిశ్చయించుకున్నారు. ఇప్పుడు అసలు చిక్కు. ఆ పొద మీద మీ ఒక్కరికే కాదు, వీధిలో ఎవరెవరికో మమకారం వుంటుంది. మా ఎదురింటి పెద్దావిడ పొద్దున్నే సజ్జ పట్టుకుని వచ్చి నందివర్ధనాలు కోసుకుపోయేది. పదేళ్ళుగా ఆవిడ దేవుడి గదికి పూలు ఆ పొదవే. తీసేస్తున్నారని వినగానే ఆవిడ అన్నమాట: "మంచిదే బిడ్డా, మీ జాగా మీ ఇష్టం. రేపటి సంది నేను పువ్వులు ఏడ తెంపుకోవాలె?" దీనికి ఎవరు మాత్రం ఏం జవాబు చెబుతారు? ఇంకో ఇంట్లో ఆ మందారం చనిపోయిన అత్తగారు నాటింది. కోడలికి అది అడ్డంగానే వుంది, పెద్దాయన మాత్రం రోజూ దాని మొదట్లో చెంబెడు నీళ్ళు పోసి గానీ కాఫీ తాగరు. ఆయన ఇంట్లో లేనప్పుడు నరికించేద్దామని ఎవరో సలహా ఇచ్చారు కూడా. అలాంటి పని ఎప్పుడూ చెయ్యకండి. చెట్టు పోతుంది, ఆ మాట మాత్రం ఇంట్లో వుండిపోతుంది.

దీనికి ఒక తోవ వుంది. పొద తియ్యడానికి నెలా నెలన్నర ముందే దాని కొమ్మలు నాటుకోండి. పెన్సిలు లావు కొమ్మ, మరీ లేతదీ మరీ ముదురుదీ కాకుండా, ఆరంగుళాలు కోసి, కింది ఆకులు తుంచి, ఇసుకా మట్టీ సగంసగం కలిపిన కుండీలో రెండు కణుపులు లోపలికి పోయేలా గుచ్చండి. నీడన పెట్టి తడి ఆరకుండా చూసుకుంటే మందారం, నందివర్ధనం నెల నెలన్నరలో వేరు పోసుకుంటాయి. నాలుగు గుచ్చితే ఒకటో రెండో పోతాయి కాబట్టి పది గుచ్చండి. ఎదురింటావిడకు ఒక కుండీ, పెద్దాయనకు ఒక కుండీ. కొమ్మ నుంచి వచ్చిన మొక్క అదే చెట్టు, వేరే చెట్టు కాదు. గింజ నుంచి వచ్చినదానికి తల్లి పోలికే వస్తుందన్న నమ్మకం లేదు, కొమ్మతో వచ్చినదానికి వస్తుంది. ఈ మాట పెద్దాయనకు చెబితే ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదుట. తర్వాత తనే కత్తెర అడిగి కొమ్మలు కోసిచ్చారని ఆ కోడలే నాతో చెప్పింది.

ఎప్పుడు తియ్యాలి? రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకు మా మొరం నేలలో గడ్డపార దిగదు, ఠంగుమని మోగుతుంది. మృగశిర వచ్చి, రెండు మూడు మంచి వానలు పడి, నేల మెత్తబడ్డాక మొదలుపెట్టండి. జూన్ నెల చివర, జులై మొదలు. కొమ్మలు నాటే పని మే నెలలో అయిపోవాలన్నమాట, రోజూ రెండుపూటలా తడుపుతూ. వాన ఆలస్యమైతే ముందురోజు రాత్రి మొదట్లో బిందెలకొద్దీ నీళ్ళు నిలబెట్టండి. బట్టలు జాడించిన నీళ్ళయినా చాలు.

ముందుగా పొదలో గూడు వుందేమో చూడండి. పిగిలిపిట్టలు ఇంటిముందు పొదల్లో, మన తలెత్తులోనే గిన్నెలాంటి గూడు కట్టుకుంటాయి. ఆకులు కుట్టి గూడు చేసుకునే చిన్నపిట్టలు కూడా వస్తాయి. గుడ్లు పెట్టిన దగ్గర నుంచి పిల్లలు ఎగిరిపోయేదాకా నెల రోజులు పడుతుందేమో, అంతే. పదిహేనేళ్ళు వున్న పొదను ఇంకో నెల వుంచితే నష్టమేం లేదు. ఆ నెలలో మీ కొమ్మలు కూడా వేరు పోసుకుంటాయి.

పొద అంటున్నాను గానీ కొన్ని చోట్ల అది చెట్టే అయి కూర్చుంటుంది. చెట్టును నరకాలంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, మనవాళ్ళు వాల్టా చట్టం అంటారే, దాని ప్రకారం అనుమతి తీసుకోవాలి. మీ వాకిట్లో వున్నా సరే. మొదలు బలిసి మాను కట్టిందనిపిస్తే గొడ్డలి పట్టేముందు అడిగి తెలుసుకోండి. కొమ్మలు కరెంటు తీగల్ని తాకుతుంటే మీరు చెయ్యి పెట్టకండి. కరెంటు ఆఫీసులో చెప్పి లైన్‌మన్ సరఫరా ఆపాకే ఆ కొమ్మ సంగతి.

తవ్వే ముందు నేలకింద ఏమున్నదో ఒక కాగితం మీద గీసుకోవాలి. ఇది ఇంటి ఆడవాళ్ళకు తెలిసినంత మగవాళ్ళకు తెలియదు, చూసుకోండి కావలిస్తే. మంచినీళ్ళ పైపు రోడ్డు నుంచి సంపుకు ఎటు వస్తుందో, డ్రైనేజి ఛాంబరు మూత ఎక్కడుందో, సెప్టిక్ ట్యాంకు బండ ఎంతవరకు పరుచుకుందో రోజూ వాకిలి కడిగేవాళ్ళకే ఎరుక. వీటితో పాటు చాలామంది మరిచిపోయేది ఎర్త్ గుంత. ఇల్లు కట్టినప్పుడు కరెంటు మేస్త్రీ మీటరుకు దగ్గరలో గుంత తీసి, బొగ్గూ ఉప్పూ వేసి, గొట్టం పాతి, దాని నుంచి తీగ ఇంట్లోకి లాగుతాడు. అక్కడ తడి వుండాలని నీళ్ళు పొయ్యమంటాడు. రోజూ నీళ్ళు పోసేచోట ఒక మొక్క కూడా పెడదామనిపించడం సహజం. అందుకే చాలా ఇళ్ళల్లో ఎర్త్ తీగ సరిగ్గా పొద మొదట్లోనే వుంటుంది. అది తెగితే ఫ్రిజ్జు, గీజరు, వాషింగ్ మెషీన్ ముట్టుకున్నప్పుడు షాకు కొట్టకుండా కాపాడే దారి తెగినట్టే. పైకి ఏమీ తెలియదు, లైట్లు వెలుగుతూనే వుంటాయి. కాబట్టి తీగను ముందే కనిపెట్టి, ఎర్రగుడ్డ కట్టి, ఆ పక్కన చేత్తోనే మట్టి తియ్యమనండి. పైపు గ్యాసు వచ్చిన వీధుల్లో అయితే కంపెనీ వాళ్ళకు చెప్పకుండా గడ్డపార వెయ్యనే కూడదు.

అనుకున్న రోజు పొద్దున్నే ఆరింటికల్లా మొదలుపెట్టండి. ఎండెక్కకముందే బరువు పని అయిపోవాలి. పల్లెల్లో ఇవాళ మీ చేనుకు మేము, రేపు మా చేనుకు మీరు అని బదులు పనికి పోవడం వుంది కదా, అదే పద్ధతి. మా వరసలో ముగ్గురి ఇళ్ళ పొదలు వరసగా మూడు ఆదివారాలు తీశారు. అందరికీ ఒకే గడ్డపార, ఒకే రంపం సరిపోయింది. బరువు పనికి అడ్డా నుంచి ఒక కూలీని తెచ్చుకున్నా, ముగ్గురూ పంచుకుంటే భారం వుండదు. మూడు రోజుల ముందే వీధిలో అందరికీ చెప్పండి, ఆ పొద్దుటికి బండ్లు పక్కకు తీస్తారు. ఉప్మా ఎవరింట్లో, చాయ్ ఎవరింట్లో అన్నది కూడా ముందే తేల్చుకోండి. నవ్వకండి, పని సగంలో ఆగిపోయేది అక్కడే.

మొదట పొడుగు కర్రతో పొదను నాలుగువైపులా తట్టండి. నేల మీద కూడా గట్టిగా కొట్టండి. పామున్నా తేలున్నా కదలిక తెలిసి తప్పుకుంటుంది. కంటికి కనిపించని చోట చెయ్యి పెట్టవద్దు. కాళ్ళకు బూట్లు, చేతులకు మందపాటి గ్లవ్సులు వుండాలి. పాము కనిపిస్తే కొట్టబోకండి. దూరంగా నిలబడి అది ఎటు పోయిందో చూస్తూ, పాములు పట్టేవాళ్ళకు ఫోను చెయ్యండి. మన నగరంలో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళు ఏళ్ళ తరబడి ఈ సేవ చేస్తున్నారు. మన వాకిళ్ళల్లో తరచు కనిపించేది విషం లేని జెర్రిపోతే, అయినా పోల్చుకునే పని మనం పెట్టుకోవద్దు. ఖర్మ చాలక కాటు పడితే గట్టిగా కట్లు కట్టడం, బ్లేడుతో కొయ్యడం, నోటితో పీల్చడం, ఇవేవీ చెయ్యకుండా, కాటుపడ్డ చెయ్యో కాలో కదలనివ్వకుండా 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చండి. మందు అక్కడే వుంది.

ఇక నరకడం. కొత్తవాళ్ళెవరైనా ముందుగా చేసే పని పొదను నేలమట్టంగా నరికెయ్యడం. తర్వాత మొద్దును లాగడానికి పట్టే దొరకదు. అలాకాక పక్క కొమ్మలన్నీ కొట్టేసి, నడుమెత్తు కాండం వుంచాలి. ఆ కాండమే మీకు తులాం కర్ర. మొదలు చుట్టూ అడుగున్నర దూరంలో గుండ్రంగా కాలువలా తవ్వితే పక్కవేళ్ళు బయటపడతాయి. వాటిని ఒక్కొక్కటే రంపంతోనో గొడ్డలితోనో కొయ్యండి. తర్వాత ఇద్దరు కాండం పట్టుకుని అటూ ఇటూ వూపుతుంటే, ఇంకొకరు వదులైన వైపు గడ్డపార దూర్చి, కింద ఒక రాయి ఆనించి ఎత్తాలి. తాడు కట్టి లాగేటప్పుడు తాడును చేతికి చుట్టుకోవద్దు, తెగితే వెనక్కి పడతారు. పిల్లల్ని గేటు అవతల వుంచండి. కారుకు కట్టి లాగుదామని కుర్రాళ్ళు సరదాపడతారు. ఒప్పుకోకండి. తాడు తెగితే కొరడాలా తిరిగి కొడుతుంది, వేరు తెగకపోతే గోడ వస్తుంది.

తలంబ్రాల మొక్కకు మాత్రం ఇంత తవ్వకం అక్కరలేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ సి.ఆర్. బాబుగారు దీనికి ఒక సులువు కనిపెట్టారు, జిమ్ కార్బెట్ పులుల అభయారణ్యంలో ఎకరాలకెకరాలు అలాగే తీశారు. ఆ మొక్క మళ్ళీ చిగిర్చేది కాండమూ వేరూ కలిసే మెడ దగ్గర నుంచే. మట్టికి ఒకటి రెండు అంగుళాల కింద తల్లివేరును తెగ్గొట్టి, పొదను ఎత్తి తలకిందులుగా పడేస్తే సరి. నేలకు తాకని మెడ మళ్ళీ వేరు పొయ్యలేదు, నేలలో మిగిలిన వేరుకు చిగిర్చే శక్తి లేదు. ఎంత చిన్న కిటుకో చూశారా?

గోడకు అతుక్కుపోయిన మొద్దు విషయంలో తొందరపడవద్దు. దాన్ని పెకిలిస్తే గోడ కింద మట్టి వదులై, గోడ వానకు ఒరిగిపోవచ్చు. ఆ గోడ మీ ఒక్కరిదే కాదు కదా. అక్కడ మొద్దును నేలమట్టంగా కోసి వదిలెయ్యండి. చిగురు వచ్చినప్పుడల్లా గిల్లెయ్యండి. ఆకు లేనిదే వేరుకు తిండి లేదు, ఏడాదిలో దానంతటదే చస్తుంది. వంటింట్లో మిగిలిన నూనె లాంటివీ, ఉప్పూ, యాసిడూ, కిరసనాయిలూ పోస్తే తొందరగా చస్తుందని చెప్పేవాళ్ళుంటారు. ఉప్పు పోసిన చోట మళ్ళీ మీరు ఏదీ పెంచలేరు. యాసిడు పోస్తే అది ఎక్కడికి పోతుంది? పక్కనే బోరు వుంది. కలుపుమందు కొట్టమని సలహా ఇస్తే, గ్లైఫోసేట్ అనే మందును మామూలు మనుషులు చల్లకూడదనీ, లైసెన్సున్న పురుగుమందుల నిపుణులే వాడాలనీ కేంద్ర ప్రభుత్వం 2022లో ఉత్తర్వు ఇచ్చిన సంగతి చెప్పండి.

పని అయ్యాక వీధిలో కొండంత కంప మిగులుతుంది. దీని సంగతి ముందే ఆలోచించినవాళ్ళు తక్కువ. చెత్త ఆటో అతను వంటింటి చెత్త తీసుకుపోతాడు గానీ కంప ఎక్కించుకోడు. తగలబెడదామంటే ఆరుబయట చెత్త కాలిస్తే 5,000 రూపాయల జరిమానా వెయ్యమని 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. జరిమానా మాట అటుంచండి, గన్నేరు కట్టెల పొగ పీల్చడమే ప్రమాదం. రోడ్డు పక్కన పడేస్తే ఆవులు వస్తాయి. గన్నేరు ఆకు పచ్చిగా చేదు కాబట్టి పశువు వదిలేసినా, వాడిన ఆకును తినేస్తుంది, విషం మాత్రం అలాగే వుంటుంది. అందుకని గన్నేరునూ తలంబ్రాల మొక్కనూ విడిగా మోపు కట్టి, గేటు లోపలే వుంచి, మునిసిపాలిటీ ట్రాక్టరు వచ్చిన రోజు ఎదురుగా ఎక్కించండి. మందారం, నందివర్ధనం ఆకులూ లేత కొమ్మలూ ఒక మూల గుంతలో వేసి మట్టి కప్పితే ఆరేడు నెలలకు ఎరువు. లావు కట్టెలు ఎండబెడితే వీధి చివర ఇస్త్రీ అతనో, కట్టెల పొయ్యి వున్నవాళ్ళో పట్టుకుపోతారు. గన్నేరు కట్టె మాత్రం పొయ్యిలోకి ఇవ్వవద్దు, వంటకు అసలే వద్దు.

గుంతను అదేరోజు పూడ్చండి, రేపటికి వదలవద్దు. వానాకాలంలో నీళ్ళు నిలిస్తే వారం పది రోజుల్లో దోమలు. పొద కింద ఇన్నేళ్ళుగా దాక్కున్న కొబ్బరిచిప్పలు, విరిగిన కప్పులు, పిల్లల బొమ్మలు కూడా ఏరెయ్యండి. డెంగ్యూ దోమ గుడ్లు పెట్టేది అలాంటి వాటిలోనే. మా వరసలో ఒక పొద కింద మూడు క్రికెట్ బంతులు, ఒక ఇత్తడి చెంబు దొరికాయి. చెంబు ఎవరిదన్నది ఇంకా తేలలేదు.

పొద పోయిన చోటు బోసిగా కనిపిస్తుంది. చాలామందికి వెంటనే టైల్సు పరిపిద్దామనిపిస్తుంది. ఆగి ఒక చిన్న లెక్క చూడండి. హైదరాబాదులో ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. పది చదరపు మీటర్ల వాకిలంటే అటూ ఇటూ పదేసి అడుగులు. ఆ మాత్రం జాగా మీద ఏడాదిలో పడేది 8,000 లీటర్లు, ఒక పెద్ద ట్యాంకరెడు నీళ్ళన్నమాట. మట్టి వుంటే అందులో కొంతైనా కిందికి దిగి బోరుకు చేరుతుంది. టైల్సు వుంటే అంతా రోడ్డు మీదికి. ఎండాకాలంలో ట్యాంకరుకు ఫోను చేసి ఎదురుచూసేది మనమే కదా.

అలాగని మట్టిని వుత్తగా వదలకూడదు. తవ్విన మట్టి కనబడితే చాలు, వయ్యారిభామ వచ్చి కూర్చుంటుంది. 1950ల మధ్యలో పూనా దగ్గర మొదటిసారి కనిపించిన ఈ కలుపు ఇప్పుడు దేశమంతటా వుంది. తుమ్ములు, ఆయాసం, చేతులకు దద్దుర్లు దీని చలవే. తెల్లని చిన్న పూలు పుయ్యకముందే, గ్లవ్సు వేసుకుని, వేరుతో సహా పీకెయ్యాలి. పూసిందంటే ఒక్క మొక్కే వేలకొద్దీ గింజలు రాలుస్తుంది. అది రాకముందే మీరే ఏదో ఒకటి పెట్టండి. గోడకూ సంపుకూ మూడు నాలుగడుగుల ఎడం వుంచి కనకాంబరాలు, తులసి, మరువం, చామంతి. వేళ్ళు లోతుకూ పోవు, దూరమూ పోవు. మందారమే కావాలనుకుంటే పెద్ద కుండీలో పెట్టుకోండి. కుండీని నేరుగా మట్టి మీద పెట్టకుండా రెండు ఇటుకల మీద నిలబెట్టండి. లేదంటే కింది కంతలోంచి వేరు దిగి మళ్ళీ సంపు దారి పడుతుంది.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఆషాఢంలో తీసిన చోట శ్రావణం వచ్చేసరికి, ఎంత శ్రద్ధగా తవ్వినా, మిగిలిన వేరు ముక్కల నుంచి నాలుగు చిగుళ్ళు లేస్తాయి. మీ వాకిట్లో లేవకపోతే గోడ అవతల లేవవచ్చు. వేలెడంత వున్నప్పుడు వేళ్ళతోనే వస్తుంది. జానెడు దాటితే మళ్ళీ గడ్డపార. అందుకని దసరా దాకా వారానికోసారి, వాకిలి ఊడ్చేటప్పుడు మీ వైపు మీరూ, వాళ్ళ వైపు పక్కింటివాళ్ళూ చూసుకోండి. కనిపిస్తే గోడ మీంచి ఒక కేక వేస్తే చాలు.